ఏబీఎస్ లైటు వెలిగితే యూనిట్ మార్చక్కర్లేదు.. ముందు చక్రం దగ్గర చూడండి

బురద, ఎలుకలు, మినపకట్టె, ఉప్పునీళ్లు.. పల్లెల్లో అసలు కారణాలు ఇవే

వ్యవసాయం పేజీలో కారు బ్రేకుల గోలేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. కానీ ఊళ్లలో పరిస్థితి ఒకసారి చూడండి. ఒకప్పుడు ఎడ్లబండి, ఆ తర్వాత ట్రాక్టరు, ఆపైన మోటారు సైకిలు. ఇప్పుడు నాలుగైదెకరాల రైతు ఇంటి ముందు కూడా కొత్తదో, సెకండ్‌హ్యాండుదో ఓ కారు కనిపిస్తోంది. గుంటూరు మిర్చి యార్డులో ధర కనుక్కుని రావాలన్నా, విత్తనాల కోసం టౌనుకు వెళ్లాలన్నా, అర్ధరాత్రి ఇంట్లో పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా అదే దిక్కు. ట్రాక్టరుకు ఏం జబ్బు చేసిందో రైతుకు శబ్దం వింటేనే తెలుస్తుంది. కారులో మీటరు బోర్డు మీద ఓ పసుపు లైటు వెలిగితే మాత్రం ఏమీ పాలుపోదు.

ఆ లైట్లలో రైతులను ఎక్కువగా తికమక పెట్టేది ఏబీఎస్ లైటు. గుండ్రటి గీత మధ్యలో మూడు ఇంగ్లిషు అక్షరాలతో పసుపు రంగులో ఉంటుంది. ఇది వెలిగినా బండి మామూలుగానే నడుస్తుంది, బ్రేకులూ పడతాయి. దాంతో కొందరు నెలల తరబడి పట్టించుకోరు. ఇంకొందరు భయపడి షెడ్డుకు వెళితే, యూనిట్టే పోయింది, మొత్తం మార్చాలని చెప్పి పదులవేల బిల్లు చేతిలో పెడతారు. రెండూ నష్టమే. నిజానికి ఈ లైటు వెలగడానికి చాలాసార్లు కారణం చక్రం దగ్గర ఉండే వేలెడంత సెన్సారో, దాని వైరో అయి ఉంటుంది.

అసలు ఏబీఎస్ ఏం చేస్తుంది?

తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం తిరగడం ఆగిపోతుంది కానీ బండి ఆగదు. జారుకుంటూ పోతుంది. అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి వినదు. ఇలా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేదే ఏబీఎస్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ తయారుచేసిన ఈ పద్ధతిని 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాసు కారులో మొదట అమర్చారు. మన దేశంలో కొత్త మోడలు కార్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే తయారవుతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి దీన్ని తప్పనిసరి చేశారు. కాబట్టి ఆ తర్వాత తయారైన కారు మీ దగ్గర ఉంటే అందులో ఏబీఎస్ ఉన్నట్లే. అంతకు ముందు కార్లలో ఖరీదైన రకాల్లోనే ఎక్కువగా ఉండేది.

దీని పని తీరు తెలుసుకుంటే జబ్బు ఎక్కడుందో వెతకడం తేలిక. నాలుగు చక్రాల దగ్గర నాలుగు సెన్సార్లు ఉంటాయి. ప్రతి చక్రంతో పాటు ఓ పళ్ల రింగు తిరుగుతుంది. కొన్ని కార్లలో పళ్ల రింగుకు బదులు బేరింగు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. సెన్సారు ఆ పళ్లను లేదా అయస్కాంతాన్ని లెక్కపెడుతూ చక్రం ఎంత వేగంగా తిరుగుతున్నదీ కంప్యూటరుకు చెబుతుంది. మూడు చక్రాలు తిరుగుతూ ఒకటి హఠాత్తుగా ఆగబోతే కంప్యూటరు పసిగట్టి ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడిని వదులుతూ, మళ్లీ పడుతూ సెకనులో పలుమార్లు సర్దుతుంది. అందుకే అలాంటప్పుడు పాదం కింద పెడలు దడదడలాడుతుంది. గరగరమని చప్పుడు వస్తుంది. అది రోగం కాదు, ఏబీఎస్ పని చేస్తున్నట్లు.

ఒక్క సెన్సారు నుంచి కబురు రాకపోయినా కంప్యూటరు నమ్మకం కుదరక ఏబీఎస్‌ను ఆపేసి లైటు వేస్తుంది. లైటు వెలిగిందంటే మామూలు బ్రేకు ఉంది, చక్రం బిగుసుకోకుండా కాపాడేది లేదు అని అర్థం.

పసుపు లైటా, ఎర్ర లైటా?

తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, మూడు నాలుగు సెకన్లలో ఆరిపోవాలి. ఇది తనను తాను పరీక్షించుకోవడం. ఆరకుండా ఉన్నా, బండి నడుస్తుండగా మళ్లీ వెలిగినా లోపం ఉన్నట్లు.

పసుపు లైటు ఒక్కటే ఉంటే కంగారు పడాల్సిన పని లేదు. నెమ్మదిగా నడుపుకుంటూ షెడ్డుకు వెళ్లొచ్చు. కానీ వాయిదా వేయకూడదు.

ఎర్ర బ్రేకు లైటు వెలిగితే ముందు హ్యాండ్‌బ్రేకు పూర్తిగా కిందికి దించారో లేదో చూడాలి. దించినా ఆరకపోతే బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడాలి. ఆయిల్ కనిష్ఠ గీత కంటే కిందికి పోతే ఎర్ర లైటు వస్తుంది.

పసుపు, ఎర్ర రెండూ కలిసి వెలిగితే బండిని పక్కకు తీసి ఆపేయాలి. ముందు చక్రాలకు ఎంత బ్రేకు, వెనక చక్రాలకు ఎంత బ్రేకు అని పంచే ఏర్పాటు కూడా ఏబీఎస్ సెన్సార్ల మీదే ఆధారపడి ఉంటుంది. దాన్ని ఈబీడీ అంటారు. రెండు లైట్లూ వచ్చాయంటే ఆ పంపకం కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందు బిగుసుకుని బండి గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. ఆయిల్ కారిపోయి ఉంటే అసలు బ్రేకే పడకపోవచ్చు. బండిలో జనం ఉంటే మరో వాహనంలో పంపించి, కారును టోయింగ్ చేయించడం మేలు.

లైటు ఎప్పుడు వెలుగుతోంది?

జ్వరం పొద్దున వస్తోందా, సాయంత్రం వస్తోందా అని డాక్టరు అడిగినట్లే, లైటు ఎప్పుడు వెలుగుతోందన్నది ముఖ్యం. షెడ్డుకు వెళ్లే ముందు నాలుగు రోజులు గమనించి కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్లే.

* తాళం వేయగానే వెలిగి, బండి కదలకముందు నుంచీ ఆరకుండా ఉంటే కరెంటు లోపం. తెగిన వైరు, పోయిన ఫ్యూజు, ఊడిన కప్లరు, యూనిట్ లోపం వీటిల్లో ఏదో ఒకటి.

* మొదట ఆరిపోయి, బండి కదిలి పది, ఇరవై కిలోమీటర్ల వేగం అందుకోగానే వెలిగితే సెన్సారుకు పళ్ల కబురు సరిగా అందడం లేదు. బురద, తుప్పు, పగిలిన రింగు, వదులైన బేరింగు చూడాలి.

* గతుకుల్లో, లేదా స్టీరింగ్ బాగా తిప్పినప్పుడే వెలిగితే వైరు లోపల తెగి ఉంటుంది, లేదా కప్లరు వదులై ఉంటుంది. ముందు చక్రాల వైర్లు స్టీరింగ్‌తో పాటు మడతపడుతూ ఉంటాయి కాబట్టి ఇది ఎక్కువ.

* వాన పడినప్పుడు, బండి కడిగినప్పుడు వెలిగి, ఎండకు ఆరిపోతే కప్లరులోకి నీళ్లు పోతున్నట్లు.

* స్టార్టు చేసేటప్పుడు, రాత్రి హెడ్‌లైట్లు, ఏసీ వేసినప్పుడు వెలిగితే బ్యాటరీ, ఛార్జింగు చూడాలి.

మన దారుల్లో వచ్చే కారణాలు

పట్నం కార్లకు లేని బాధలు మన కార్లకు ఉన్నాయి. పల్నాడు వైపు నల్లరేగడి సంగతి తెలిసిందే. వానాకాలం పొలం గట్టు దాకా కారు తీసుకెళితే ఆ మట్టి చక్రం లోపలి వైపు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. ఎండితే రాయిలా మారుతుంది. సెన్సారుకీ, రింగుకీ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే. ఆ సందులో మట్టి, ఇనుప రజను చేరితే లెక్క తప్పుతుంది. మట్టి ముద్ద బరువుకు వైరు క్లిప్పు ఊడి, వైరు టైరుకు ఒరుసుకోవడం కూడా ఉంది.

తెనాలి, బాపట్ల వైపు మాగాణుల్లో వరి తర్వాత మినుము, పెసర వేస్తారు. ఆ కట్టెను రోడ్డు మీద పరిచి వచ్చే పోయే బండ్లతో తొక్కించడం కొన్నిచోట్ల ఉంది. కారు దాని మీద నుంచి వెళితే పీచు తీగలు చక్రం లోపల ఇరుసుకు చుట్టుకుంటాయి. తిరిగే కొద్దీ బిగుసుకుని సెన్సారు వైరును లాగేస్తాయి. ఇది ఏబీఎస్ ఒక్కదానికే ముప్పు కాదు. వేడెక్కిన సైలెన్సరుకు ఎండుకట్టె తగిలితే బండి తగలబడుతుంది. వీలైనంత వరకు అలాంటి కుప్పల మీదకు కారు ఎక్కించకుండా పక్కనుంచి పోవాలి. తప్పక ఎక్కితే, దాటాక ఆపి చక్రాల వెనక చూసుకోవాలి.

మూడోది ఎలుకలు. గడ్డివాము పక్కన, ధాన్యం బస్తాలున్న షెడ్డులో కారు పెడితే అవి బానెట్ కిందికి చేరతాయి. ఇంజను వెచ్చదనం వాటికి సుఖం. వైరు కొరకడం వాటికి అలవాటు. కొందరు బానెట్ కింద పొగాకు కాడలు పెడుతుంటారు. దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. కారును గడ్డికి, గింజకు దూరంగా పెట్టడం, వారానికోసారి బానెట్ ఎత్తి చూడడం, బోను పెట్టడం నికరమైన పనులు.

నాలుగోది ఉప్పు. నిజాంపట్నం, రేపల్లె తీరంలో రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే కార్ల అడుగు భాగం తొందరగా తుప్పు పడుతుంది. పళ్ల రింగు ఇనుముది. దాని మీద తుప్పు పొరలు లేస్తే పళ్ల ఎత్తు మారుతుంది. ఒక్కోసారి రింగే పగులుతుంది. కప్లరు పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. చెరువుల మీద తిరిగే వాళ్లు అప్పుడప్పుడూ మంచినీళ్లతో అడుగు భాగం కడిగించుకోవాలి.

అలా కడిగేటప్పుడూ ఓ జాగ్రత్త ఉంది. మందు కొట్టే పవర్ స్ప్రేయరుతోనే చాలామంది కారు కడిగేస్తారు. ఆ ధార వేగానికి బురద పోతుంది, దాంతో పాటు నీళ్లు కప్లర్ల లోపలికీ దూరతాయి. ట్యాంకులో మందు అవశేషం ఉంటే మరీ చేటు. చక్రాల వెనక భాగాన్ని మామూలు పైపు నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడిగితే చాలు. బానెట్ లోపల ధార కొట్టకూడదు.

చివరిది వెల్డింగు. కారుకు వెనక కొక్కెమో, పైన క్యారియరో వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పాలి. విప్పకుండా చేస్తే కంప్యూటర్లు దెబ్బతినొచ్చు. అలాగే బ్యాటరీ దిగిపోయినప్పుడు ట్రాక్టరు బ్యాటరీ నుంచి తీగలు కలిపి స్టార్టు చేస్తుంటారు. 12 వోల్టుల బ్యాటరీ అయితే ఫరవాలేదు. ప్లస్సు, మైనస్సు తారుమారు కాకూడదు. లారీ 24 వోల్టుల ఏర్పాటు నుంచి మాత్రం కలపొద్దు.

ఇంటి దగ్గర చూసుకోదగ్గవి

చక్రం విప్పకముందే అరగంటలో చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

బ్రేక్ ఆయిల్: డబ్బా మీద రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే పోసేసి ఊరుకోకూడదు. ఎందుకు తగ్గిందో చూడాలి. ప్యాడ్లు అరిగితే కొంత తగ్గుతుంది. కారుతుంటే బాగా తగ్గుతుంది. మూత మీద డాట్ 3, డాట్ 4 అని ఏది రాసి ఉంటే అదే పోయాలి. ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల వేడి దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరితే అది 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. ఎప్పుడో విప్పిన సీసాలో మిగిలింది వాడొద్దు. ఇంజను ఆయిల్ పొరపాటున కూడా పోయొద్దు, రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. రంగు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

బ్యాటరీ: ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజను నడుస్తుంటే సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకన్నా బాగా తక్కువుంటే ఛార్జింగు సరిగా లేదు. బ్యాటరీ చివళ్ల మీద తెల్లటి పొక్కు ఉంటే శుభ్రం చేసి బిగించాలి.

ఫ్యూజు: ఏబీఎస్‌కు ఒకటి కంటే ఎక్కువ ఫ్యూజులుంటాయి. బానెట్ కింద పెట్టె మూత మీద బొమ్మ ఉంటుంది. పోయినదాని స్థానంలో అన్నే ఆంపియర్లది వేయాలి. మోటారు స్టార్టరుకు వేసినట్లు రాగితీగ చుట్టడం, పెద్ద ఫ్యూజు వేయడం చేయొద్దు. కొత్తది కూడా వెంటనే పోతే ఎక్కడో వైరు కలుస్తున్నట్లు.

స్టాప్ లైట్లు: ఇంకొకరిని వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి. లైట్లు వెలగకపోయినా, వదిలినా వెలుగుతూనే ఉన్నా పెడలు దగ్గరి స్విచ్చి పోయి ఉంటుంది. కొన్ని కార్లలో ఏబీఎస్ లైటుకు అది కూడా కారణం.

టైర్లు: నాలుగూ ఒకే సైజా, గాలి సమంగా ఉందా చూడాలి. ఒకదానికి వేరే సైజు టైరు వేస్తే ఆ చక్రం వేగం తేడాగా కనిపిస్తుంది. చిన్న సైజు స్టెప్నీతో నడిపినా అంతే.

చక్రాలు: స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టార్చిలైటుతో చక్రం వెనక చూడండి. హబ్బు నుంచి సన్నటి నల్ల వైరు బయలుదేరి లోపలికి పోతుంటుంది. అది తెగిందా, ఒరుసుకుందా, క్లిప్పులో ఉందా? రెండు వైపులా పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. బండిని జాకీ మీద లేపాలంటే గట్టినేల మీద మిగతా చక్రాలకు రాళ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు.

షెడ్డులో ఏం అడగాలి?

ఇంటి దగ్గర ఏమీ తేలకపోతే స్కానరు ఉన్న షెడ్డుకు వెళ్లాలి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్టుకు దాన్ని కలిపితే కంప్యూటరులో నమోదైన లోపం సంఖ్య కనిపిస్తుంది. ఆన్‌లైనులో దొరికే చవక రకాలు చాలావరకు ఇంజను లోపాలే చదువుతాయి, ఏబీఎస్‌ను చదవలేవు. ఏబీఎస్ చదివే స్కానరేనా అని ముందే అడగాలి.

చాలా కార్లలో సి 0035 అని వస్తే ముందు ఎడమ చక్రం, సి 0040 అయితే ముందు కుడి, సి 0045 వెనక ఎడమ, సి 0050 వెనక కుడి సెన్సారు వలయం అని అర్థం. కంపెనీని బట్టి సంఖ్యలు మారతాయి. యు 0121 అని వస్తే ఏబీఎస్ కంప్యూటరుతో మాటే కలవడం లేదని. అప్పుడు ముందుగా దాని ఫ్యూజు, ఎర్తు, కప్లరు చూడాలి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. సంఖ్య ఏ చక్రం వైపు చూడాలో చెబుతుందే కానీ సెన్సారు పోయిందని తేల్చి చెప్పదు. వైరు తెగినా, రింగు పగిలినా, బేరింగు వదులైనా అదే సంఖ్య రావచ్చు. కాబట్టి స్కానరు తెర మీద నాలుగు చక్రాల వేగాలు చూపించమని అడగండి. ఇంకొకరు నడుపుతుంటే ఇరవై, ముప్ఫై వేగంలో నాలుగూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి సున్నా దగ్గరే ఉంటే సెన్సారో, వైరో. ఒకటి ఎగిరెగిరి పడుతుంటే మురికి, రింగు, బేరింగు.

మీటరుతోనూ పరీక్షించొచ్చు. పాతరకం రెండు తీగల సెన్సారు అయితే కప్లరు విప్పి ఓంలు కొలుస్తారు. చాలావాటిలో సుమారు వెయ్యి, రెండువేల ఓంల మధ్య ఉంటుంది. కుడి, ఎడమ పోల్చి చూడాలి. చక్రాన్ని చేత్తో తిప్పితే కొద్దిపాటి ఏసీ వోల్టేజి కూడా చూపాలి. కొత్తరకం సెన్సార్లకు కంప్యూటరు నుంచి కరెంటు అందుతుంది. వాటిని ఓంలలో కొలవడం తప్పు, పాడయ్యే అవకాశం ఉంది. వాటికి కప్లరు దగ్గర కరెంటు వస్తోందో లేదో చూడాలి. మీ కారులో ఏ రకమో తెలియకుండా మీటరు పెట్టనివ్వకండి.

బేరింగు మార్పించిన తర్వాత నుంచే లైటు వెలుగుతోందా? అయితే కొత్త బేరింగును అనుమానించాలి. అయస్కాంత పట్టీ ఉన్న రకం బేరింగుకు ఆ వైపు సెన్సారు ఎదురుగా ఉండాలి. తిరగేసి కొడితే బండి బాగానే నడుస్తుంది కానీ సెన్సారుకు ఏమీ కనిపించదు. అసలు పట్టీ లేని చవక బేరింగు వేసినా అంతే. రెండు వైపులూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి మెకానిక్ సన్నటి పేపరు పిన్నును దగ్గర పెట్టి ఏ వైపు లాగుతుందో చూసి బిగించాలి.

మినపకట్టె చేసిన పని

డెల్టాలో ఓ రైతు అనుభవం చూడండి. మినుము నూర్పిళ్ల రోజుల్లో ఆయన కారు రోడ్డు మీది కట్టె మీదుగా వచ్చింది. మర్నాడు బండి ఇరవై వేగం అందుకోగానే ఏబీఎస్ లైటు. మొదట చూపించిన చోట స్కానరు పెట్టకుండానే యూనిట్ పోయిందన్నారు. చెప్పిన డబ్బు విని ఆయనకు గుండె ఆగినంత పనైంది. ఎకరం మినుము అమ్మినా చాలదు. లైటు అలాగే ఉంచి నెలరోజులు తిరిగాడు. ఓసారి వానలో ఎదురుగా గేదె అడ్డం వస్తే గట్టిగా తొక్కాడు. చక్రాలు బిగిసి కారు కాలువ గట్టు దాకా జారి ఆగింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. ఆ భయంతో ఇంకో మెకానిక్ దగ్గరకు వెళ్లాడు. ఆయన స్కానరు పెడితే వెనక కుడి చక్రం సంఖ్య వచ్చింది. చక్రం విప్పితే లోపల జడలాగా పేనుకుపోయిన కట్టె. దాంట్లో తెగిన సెన్సారు వైరు. వైరుతో సహా సెన్సారు మార్చారు. మొదట చెప్పిన యూనిట్ ధరలో అది చిన్న భాగం. ఇరవై వేగం దాకా లైటు రావడం లేదన్న ఒక్క ముక్క ముందే గమనించి చెబితే, నెలరోజుల గండం తప్పేది.

లైటు రాకుండా పెడలు దడదడలాడితే?

ఇంకో రకం ఉంది. లైటు వెలగదు. కానీ పొడి రోడ్డు మీద, మామూలుగా ఆపుతున్నప్పుడే, బండి ఇంకా పది కిలోమీటర్ల వేగంలో ఉండగా పెడలు దడదడలాడి కాస్త ముందుకు పోయి ఆగుతుంది. పగిలిన రింగు, దాని మీది తుప్పు, సెన్సారు కొనకు అంటిన ఇనుప రజను దీనికి సాధారణ కారణాలు. నెమ్మదిగా పోయేటప్పుడు సెన్సారు లెక్క తప్పి చక్రం ఆగిపోయిందని కంప్యూటరు పొరపడుతుంది. ఇంటి ముందు, బస్టాండు రద్దీలో ఇది ప్రమాదం. లైటు లేదు కదా అని వదిలేయకూడదు.

బాగుచేశాక లైటు ఆరలేదా?

సెన్సారు మార్చగానే లైటు ఆరలేదని గొడవపడొద్దు. చాలా కార్లలో బండి కొంత వేగం అందుకుని, కబురు సరిగా వస్తోందని కంప్యూటరు నిర్ధారించుకున్నాకే ఆరుతుంది. కొన్నింటిలో స్కానరుతో పాత సంఖ్య చెరపాలి. కాస్త దూరం నడిపినా ఆరకపోతే అప్పుడు మళ్లీ చూపించాలి. ఏబీఎస్ యూనిట్‌ను గానీ దాని పైపులను గానీ విప్పితే లోపల గాలి చేరుతుంది. చాలా బండ్లలో మామూలుగా పెడలు కొట్టి గాలి తీస్తే మొత్తం పోదు, స్కానరుతో లోపలి వాల్వులను ఆడించి తీయాలి. పెడలు మెత్తగా ఉంటే బండి తీసుకోవద్దు.

సెకండ్‌హ్యాండు కారు కొనేవాళ్లకు

పంట డబ్బు చేతికి రాగానే పాత కార్ల బేరాలు జోరందుకుంటాయి. బేరమాడే ముందు తాళం తిప్పి, స్టార్టు చేయకుండా మీటరు బోర్డు చూడండి. ఏబీఎస్ లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే సంతోషించకండి. లోపం దాచడానికి బల్బు తీసేసి ఉండొచ్చు, నల్ల టేపు అతికించి ఉండొచ్చు. ఏబీఎస్ లైటు ఇంకో లైటుతో కలిసి ఆరుతుంటే దాని తీగను దీనికి కలిపేశారేమో అనుమానించాలి. స్కానరు పెట్టి చూపించమనండి. ఒప్పుకోకపోతే ఆ బండి వద్దనుకోవడం మంచిది. కాకపోతే బాగుచేయించే ఖర్చు ధరలో తగ్గించి బేరమాడండి.

తొక్కే పద్ధతి మారాలి

పాత అంబాసిడర్లు, జీపులు నడిపిన పెద్దవాళ్లకు తడి రోడ్డు మీద బ్రేకును కొట్టి కొట్టి వదలడం అలవాటు. ఏబీఎస్ ఉన్న బండిలో అలా చేయకూడదు. ఆపద వస్తే ఒక్కసారిగా గట్టిగా తొక్కి, అలాగే పట్టి ఉంచి, స్టీరింగ్‌తో తప్పించుకోవాలి. దడదడలాడిందని కాలు తీయొద్దు. ఏబీఎస్ లైటు వెలుగుతున్న బండిలో మాత్రం పాత పద్ధతే దిక్కు. చక్రాలు బిగిసినట్లు అనిపిస్తే కాస్త వదిలి మళ్లీ తొక్కాలి.

ఏబీఎస్ ఉంటే చాలు బండి చటుక్కున ఆగుతుందనుకోవడమూ పొరపాటే. వదులు కంకర మీద, ఇసుక మీద ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం పెరగొచ్చు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద బ్రేకు వేస్తే ఏ బండైనా జారుతుంది. అలాంటి చోట ముందే వేగం తగ్గించాలి. ఏబీఎస్ చేసే మేలల్లా బండి మీ చేతిలో ఉండేట్లు చూడడమే.

ఇవి చేయొద్దు

* లైటు బాధ పడలేక ఫ్యూజు పీకేయొద్దు, బల్బు తీయొద్దు.

* స్కానరు పెట్టకుండా యూనిట్ మార్చడానికి ఒప్పుకోవద్దు. పాత సామాను, లోపం సంఖ్య రాసిన బిల్లు అడిగి తీసుకోండి.

* తెగిన సెన్సారు వైరును ఉత్తినే మెలితిప్పి టేపు చుట్టొద్దు. నీళ్లు దిగి మళ్లీ మొదటికొస్తుంది.

* తుప్పు పట్టి బిగుసుకున్న సెన్సారును సుత్తితో కొట్టి తీయొద్దు. విరిగి లోపల ఉండిపోతుంది.

* ఎర్ర లైటు, పసుపు లైటు కలిసి వెలుగుతుంటే మనుషులను ఎక్కించుకుని ప్రయాణం పెట్టుకోవద్దు.

* వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి నాలుగు చక్రాల వెనక బురద తీయించి, వైర్లు చూపించుకోండి. దుక్కికి ముందు నాగలి చూసుకున్నట్లే ఇదీను.